పని కాలం, బతుకు కాలం: బోధన్ సైరను నుంచి బీడీ చాట దాకా

పత్రికల ఆదివారం అనుబంధాల్లోనూ, కంపెనీలు తమ ఉద్యోగుల కోసం పెట్టే శిక్షణ తరగతుల్లోనూ కొన్నేళ్లుగా ఒక మాట తరచుగా వినిపిస్తున్నది. పనికీ జీవితానికీ మధ్య సమతుల్యం సాధించుకోవాలట. పొద్దున్నే లేచి అరగంట నడవాలట, రాత్రి ఫోను పక్కన పెట్టాలట, ఏది ముఖ్యమో ఏది కాదో కాగితం మీద రాసుకోవాలట. ఈ సలహాలన్నిటిలోనూ కర్త ఒక్కడే: ఉద్యోగి. పని ఎన్ని గంటలు, ఆ గంటలు ఎవరు నిర్ణయించారు అనే క్రియలకు మాత్రం కర్త ఎక్కడా కనిపించడు. వాక్యంలో కర్త మాయమైతే అది వ్యాకరణ విషయం మాత్రమే కాదని మేము తరగతిలో పిల్లలకు చెప్పం గాని, చెప్పవలసిందే.

దీన్ని సాహిత్య పత్రికలో చర్చించటమెందుకని కొందరు మిత్రులు అడగవచ్చు. మన కార్మిక సాహిత్యం కూలి రేటును గురించి రాసింది, సమ్మెను గురించి రాసింది, ప్రమాదంలో పోయిన ప్రాణాన్ని గురించి రాసింది. పని కాలాన్ని గురించి మాత్రం తక్కువ రాసింది. మనిషి రోజులోంచి ఎంత ముక్క పనికి పోతున్నది, మిగిలిన ముక్కతో ఆ మనిషి ఏం చేసుకుంటున్నాడు, అసలు మిగులుతున్నదా అనేది కథా వస్తువుగా మనకు అంతగా తట్టలేదు. ఈ లోటు ఎటువంటిదో తెలుసుకోవటానికి మన ఇందూరు, బోధన్ ప్రాంతాన్ని మించిన చోటు లేదు. ఇక్కడ రెండు రకాల పని కాలాలు దశాబ్దాల పాటు పక్కపక్కనే, చాలా సార్లు ఒకే ఇంటి కప్పు కింద, నడిచాయి. ఒకటి గేటు ఉన్న పని. రెండోది గేటు లేని పని.

మొదట గేటు ఉన్నదాన్ని చూద్దాం. మంజీర మీద 1923లో మొదలై 1931లో పూర్తయిన నిజాంసాగర్ లేకపోతే బోధన్ చుట్టూ అంత చెరకు లేదు. ఆ చెరకు లేకపోతే శక్కర్‌నగర్ లేదు. 1930ల చివర నిజాం రాజ్యంలో నిలబడ్డ ఆ చక్కెర ఫ్యాక్టరీని ఒకప్పుడు ఆసియాలోనే పెద్దదని చెప్పుకునేవారు. దానికి సొంత చెరకు ఫారాలుండేవి, క్వార్టర్లుండేవి. మన చర్చకు వీటన్నిటికంటే ముఖ్యమైనది మరొకటి ఉన్నది. దానికి సొంత కాలం ఉండేది.

చెరకుకు ఓపిక లేదు. నరికిన గడ పడి ఉంటే గంటగంటకూ తీపి తగ్గుతుంది, బరువు తగ్గుతుంది. రోజు దాటిందంటే రైతుకూ నష్టం, మిల్లుకూ నష్టం. అందువల్ల దీపావళి దాటినాక క్రషింగ్ సీజను మొదలైతే ఎండలు ముదిరేదాకా మిల్లు రాత్రీ పగలూ నడవవలసిందే. సైరను కూస్తే ఒక గుంపు లోపలికి, ఒక గుంపు బయటికి. మూడు షిఫ్టులు. బాయిలింగ్ హౌస్‌లో పాన్ మీద ఉన్న మనిషి పాకం గింజ కట్టేదాకా కన్ను తిప్పకూడదు. గింజ కట్టటం షిఫ్టు చూసుకొని జరగదు గనక ఒకరు మొదలుపెట్టిన పాన్‌ను మరొకరు దింపుతారు. ఇక గేటు బయట మరొక కాలం. చెరకు బండ్ల మీద వచ్చిన రైతులు తమ వంతు కోసం వరుసలో రాత్రులు గడపటం, ఎడ్లకు మేత వేసుకొని బండి కిందనే పడుకోవటం ఈ ప్రాంతపు పెద్దలకు కొత్త సంగతి కాదు. యంత్రం ఆగకూడదంటే దాని వాకిట్లో ఎప్పుడూ చెరకు నిలవ ఉండాలి. ఆ నిలవకు అయ్యే ఖర్చు రైతు నిద్ర.

ఇంట్లో సంగతి చూడండి. రాత్రి షిఫ్టు చేసి తెల్లవారి ఇంటికొచ్చిన మనిషి నిద్రపోవాలంటే క్వార్టరులో పిల్లలు గొంతు తగ్గించుకొని ఆడుకోవాలి. షిఫ్టు మారినప్పుడల్లా వాడి నిద్ర మారాలి, ఆకలి మారాలి. భార్య ఆ మార్పును పొయ్యి మీద మోస్తుంది. మగనికి ఒక వేళ, బడికి పోయే పిల్లలకు ఒక వేళ, ముసలి అత్తమామలకు ఒక వేళ. ఫ్యాక్టరీ హాజరు పుస్తకంలో ఎనిమిది గంటలు పడతాయి. ఆ ఎనిమిది గంటల్ని నిలబెట్టటానికి ఇంట్లో జరిగిన పని ఏ పుస్తకానికీ ఎక్కదు. ఆడవాళ్లు మాత్రమే ఇంటి పనీ, మగవాళ్లు మాత్రమే బైటి పనీ చేసే విభజన మీద రంగనాయకమ్మ ఎన్నో ఏళ్లుగా చేస్తున్న వాదన ఇక్కడ సిద్ధాంతంగా కాక వంటింటి సంగతిగానే రుజువవుతుంది.

సీజనుకు తగ్గట్టే బతుకు కూడా మలుచుకున్నది. బతుకమ్మ, దసరా క్రషింగుకు ముందు వస్తాయి గనక తీరికగా జరిగేవి. సంక్రాంతి నడిమధ్యలో పడేది. పెళ్లిళ్లు ఎండాకాలంలో, మిల్లు ఆగినాక. సీజను కార్మికులకు మిల్లు ఆగిన నెలల్లో రిటెయినింగ్ అలవెన్సు అనే కొద్దిపాటి భత్యం ఒక్కటే. మిగతాది ఊళ్లో నాట్లూ కోతలూ చూసుకోవలసిందే. వీళ్లకు పనికీ బతుకుకీ మధ్య పొత్తు రోజులో కాదు, ఏడాదిలో కుదిరేది. పొలం ఒక పళ్లెం, మిల్లు ఒక పళ్లెం. అది ఎవరూ నేర్పిన విద్య కాదు, ఎవరి 'నిర్వహణ' సామర్థ్యమూ కాదు.

ఈ ఫ్యాక్టరీ జ్ఞాపకాలు చెప్పేవాళ్లు చాలామంది దాన్ని తీపి గురుతుగా మార్చేస్తారు. శక్కర్‌నగర్ చెట్ల నీడలు, పండుగలు, ఆటస్థలాలు. రాత్రి షిఫ్టు ఆ జ్ఞాపకాల్లో ఉండదు, సీజను కార్మికుడు ఉండడు. ఈ రకం తీపి మీద నాకు అనుమానం ఎక్కువ. అయినా గేటు ఇచ్చింది ఒకటి ఉన్నది, దాన్ని కొట్టిపారేయలేం. గేటు దాటితే పని అయిపోయినట్టే. ఆ గీత ఎవరో దయతలచి గీసింది కాదు. 1862లో హౌరా రైల్వే కార్మికులు ఎనిమిది గంటల పని దినం కోసం సమ్మె కట్టారు. చికాగో హేమార్కెట్‌కు అది 24 ఏళ్లు ముందు. మన దేశంలో 1922 నాటికి ఫ్యాక్టరీ వారం 60 గంటలకు, 1934లో 54కు, 1946లో 48కి దిగింది. ఆ 48నే 1948 ఫ్యాక్టరీల చట్టం ఖాయం చేసింది. ఒక్కో మెట్టు దిగటానికి పదేళ్లూ పన్నెండేళ్లూ పట్టింది. గేటు దగ్గర మనుషులు ఒకరినొకరు చూసుకున్నారు, చాయ్ హోటలులో కూర్చున్నారు, సంఘం పెట్టుకున్నారు. కాలాన్ని కొలిచే గడియారం యజమానిదే అయినా, కొలత ఉన్నది గనక కొలత మీద తగాదా పెట్టుకోవటం సాధ్యమైంది.

సాహిత్య విద్యార్థులు ఇక్కడ ఒక పుస్తకం చదవాలి. 1867లో వచ్చిన 'కాపిటల్' మొదటి సంపుటంలో పని దినం మీద ఉన్న అధ్యాయాన్ని అర్థశాస్త్రంగానే కాక కథనంగా చదివి చూడండి. ఫ్యాక్టరీ ఇన్‌స్పెక్టర్ల నివేదికల్లోంచి, వైద్యుల సాక్ష్యాల్లోంచి, పిల్లల మాటల్లోంచి ఒక్కొక్క నిమిషం ఎట్లా దొంగిలించబడుతున్నదో మార్క్స్ చూపిస్తాడు. భోజన విరామంలో అయిదు నిమిషాలు కోత, పొద్దున అయిదు నిమిషాలు ముందు కూత. ఆవేశం తక్కువ, లెక్క ఎక్కువ. మన కథకులకు కొరవడింది ఆవేశం కాదు గదా.

2002లో నిజాం షుగర్స్‌లో 51 శాతం వాటా ప్రైవేటు చేతికి పోయింది. 2015 డిసెంబరులో బోధన్, మెట్‌పల్లి దగ్గరి ముత్యంపేట, మెదక్ దగ్గరి మంబోజిపల్లి మూడు యూనిట్లకూ లేఆఫ్ ప్రకటించారు. సైరను ఆగింది. సమతుల్యం అన్న రూపకాన్ని ఇక్కడ నిలబెట్టి పరీక్షించాలి. త్రాసుకు రెండు పళ్లేలు: ఒకదానిలో పని, ఒకదానిలో బతుకు. ఒకటి తగ్గితే రెండోది పెరగాలి. లేఆఫ్ అయిన మనిషికి పని పళ్లెం పూర్తిగా ఖాళీ అయింది. మరి రెండో పళ్లెం నిండాలి కదా? నిండలేదు. వేతన బకాయిల కోసం తిరగటం, ఆఫీసు మెట్ల మీద కూర్చోవటం, కోర్టు వాయిదాలకు ఎదురుచూడటం, మళ్లీ తెరుస్తారట అన్న మాట ప్రతి ఎన్నికలకూ వినటం. 2024 జనవరిలో ప్రభుత్వం పునరుద్ధరణ పరిశీలనకు ఒక కమిటీ వేసినప్పుడు కూడా ఆ మాట మళ్లీ వినిపించింది. చేతినిండా ఉన్న ఆ కాలం తీరిక కాదు. పని లేని కాలమంతా బతుకు కాలం కాదన్నమాట. పని నుంచి మిగుల్చుకున్నది మాత్రమే తీరిక. పని పోయినందువల్ల మిగిలినది నిరీక్షణ. ఈ రెండింటి మధ్య తేడాను త్రాసు రూపకం పట్టుకోలేదు. తప్పుడు రూపకం తప్పుడు ఆలోచనకు దారి తీస్తుంది, దాన్ని బయటపెట్టటం విమర్శకుడి పని.

ఇప్పుడు రెండో కాలానికి వద్దాం. బోధన్ నుంచి ఇందూరు దాకా, అక్కడి నుంచి ఆర్మూరు, కామారెడ్డి వైపు ఏ ఊరికి పోయినా అరుగు మీద ఒడిలో చాట పెట్టుకొని కూర్చున్న ఆడవాళ్లు కనిపిస్తారు. తునికాకు, తంబాకు, దారం, కత్తెర. ఈ పనికి సైరను లేదు. మరి ఎప్పుడు మొదలవుతుందంటే ముందురోజు రాత్రి మొదలవుతుంది. ఆకును నీళ్లలో తడిపి తడిగుడ్డలో చుట్టి పెట్టాలి. లేకపోతే తెల్లవారి కత్తిరిస్తే చిట్లుతుంది. వంటయినాక, గిన్నెలు తోమినాక, అందరూ పడుకున్నాక ఆకు తడుపుతుంది ఆమె. పొద్దున వాకిలి ఊడ్చి, నీళ్లు పట్టి, పిల్లల్ని బడికి తోలి చాట ముందర కూర్చుంటుంది. ఆకును కొలతకు కత్తిరించాలి, తంబాకు పరవాలి, చుట్టాలి, కొన మడవాలి, దారం కట్టాలి. 25 బీడీలు ఒక కట్ట. 40 కట్టలైతే వెయ్యి. రేటు వెయ్యికి.

చెయ్యి తిరిగిన మనిషికి కూడా వెయ్యి పూర్తికావాలంటే పది గంటల దాకా పడుతుంది. అయితే ఆ పది గంటలు ఒక్కచోట ఉండవు. మధ్యలో పొయ్యి మీద అన్నం, ఏడ్చే పిల్ల, మంచాన ఉన్న మామ, వచ్చిపోయే చుట్టాలు. చీకటిపడ్డాక కూడా చాట లేవదు. టీవీ సీరియల్ చూస్తూ చుట్టటాన్ని మనం తీరిక అనాలా, పని అనాలా? ఇంటికి రెండడుగులు వేస్తే ఫ్యాక్టరీ, ఫ్యాక్టరీకి రెండడుగులు వేస్తే ఇల్లు అని కూడా అనలేం, రెండూ ఒకటే గది. గేటు లేదు గనక బయటికి రావటమనేది లేదు.

ఇది ఆచారంగా వచ్చింది కాదు, దీని వెనుక చట్టమూ దాని నుంచి తప్పించుకోవటమూ ఉన్నాయి. 1966 బీడీ, చుట్ట కార్మికుల చట్టం పారిశ్రామిక ఆవరణలో పనిచేసేవారికి రోజుకు 9 గంటలు, వారానికి 48 గంటలు మించకూడదన్నది. ఇంట్లో చుట్టేవారిని కూడా కార్మికులుగా గుర్తించింది, అది మంచిదే. కాని గంటల పరిమితి ఆవరణకు గాని ఇంటికి ఎట్లా వర్తిస్తుంది? ఇంటి గుమ్మంలో ఇన్‌స్పెక్టరు నిలబడి గడియారం చూడడు కదా. బీడీ యజమానులకు ఈ లెక్క త్వరగానే అర్థమైంది. షెడ్లలో కూర్చోబెట్టి చుట్టించే పద్ధతి తగ్గి, కమీషన్ మీద పనిచేసే మధ్యవర్తి ద్వారా ఆకూ తంబాకూ ఇళ్లకు పంచే పద్ధతి మన జిల్లాలోనే కాక దేశమంతటా పెరిగింది. ఆవరణ అద్దె లేదు, దీపం ఖర్చు లేదు, గంటల లెక్క లేదు. 2020లో పార్లమెంటు ఆమోదించిన భద్రత, ఆరోగ్యం, పని పరిస్థితుల కోడ్ ఈ 1966 చట్టాన్నీ, 1948 ఫ్యాక్టరీల చట్టాన్నీ కలిపి తనలోకి తీసుకున్నది.

ముక్క కూలి పెట్టుబడిదారీ విధానానికి అన్నిటికంటే బాగా అమరే కూలి రూపమని మార్క్స్ అన్నది ఇందుకే. పని దినాన్ని పొడిగించే బాధ్యత యజమాని భుజం మీదినుంచి కార్మికురాలి భుజం మీదికి మారుతుంది. ఎవరూ ఆమెను ఎక్కువసేపు చెయ్యమనరు; తనకు తానే చేస్తుంది. ఇచ్చిన ఆకు చాలకపోతే సొంత డబ్బు పెట్టి కొంటుంది. చెకింగ్‌లో బాగాలేవని తీసేసిన బీడీలకు కూలి లేదు. వాటికి పట్టిన గంటలు ఎక్కడికి పోయాయని ఎవరూ అడగరు. రేపు సరుకు దొరుకుతుందో లేదో తెలియదు గనక దొరికిన రోజు నడుము విరిగేదాకా చుడుతుంది. తల్లికి సాయంగా ఆకు కత్తిరించీ దారం కట్టీ బడికొచ్చిన ఆడపిల్లలు మొదటి పిరియడులోనే కునుకు తీయటం ఈ జిల్లాలో పాఠాలు చెప్పిన పంతుళ్లకు తెలిసిన విషయమే. పుస్తకం తెరిస్తే కాగితం కంటే ముందు తంబాకు వాసన వచ్చేది.

యజమానులు దీనికి పెట్టిన పేరు సౌలభ్యం. ఇంటి పట్టునే ఉండి, పిల్లల్ని చూసుకుంటూ, తీరిక వేళల్లో నాలుగు రాళ్లు సంపాదించుకోవచ్చునట. ఆదివారం అనుబంధాల్లో చెప్పే సమతుల్యానికి ఇంతకంటే పరిపూర్ణమైన నమూనా ఉండదు! పనీ జీవితమూ ఇంత బాగా కలిసిపోయిన చోటు ఇంకెక్కడున్నది?

అయితే ఇక్కడ తొందరపడి ఆమెను కన్నీటి బొమ్మగా చేయకూడదు. అరుగు మీద నలుగురు కలిసి కూర్చొని చుట్టటంలో ముచ్చట ఉన్నది, పాట ఉన్నది, పరాచికం ఉన్నది, ఊరి రాజకీయాల మీద పదునైన వ్యాఖ్య ఉన్నది. సంఘం కబురు కూడా ఆ అరుగుల మీదుగానే నడిచింది. పి.ఎఫ్. కార్డు ఉన్న పిల్లకు పెళ్లి సంబంధాల్లో విలువ ఎక్కువ. 2015లో తెలంగాణ ప్రభుత్వం బీడీ కార్మికులకు నెలకు వెయ్యి రూపాయల జీవన భృతి మొదలుపెట్టింది, 2019లో అది 2016 రూపాయలైంది. అదీ పోరాటాల నేపథ్యం లేకుండా రాలేదు. ఇక మగడు గల్ఫుకు పోయిన ఇళ్లల్లో ఆమె చాటే నిలకడైన ఆదాయం. అతని శుక్రవారం సెలవే ఆ ఇంటి తీరిక, అదీ ఫోనులో. పని లోపల దొంగిలించుకున్న బతుకు ఇది. పనికీ బతుకుకీ మధ్య గోడ కట్టి ఆలోచించే సిద్ధాంతానికి ఇది కనిపించదు. కథకుడికి కనిపించాలి.

ఇదంతా వెనకబడిన జిల్లా, అంతరించిపోతున్న వృత్తి అని తీసిపారేసేవాళ్లు ఉంటారు. అటువంటివాళ్లు చైనా వైపు చూడాలి. అక్కడి టెక్నాలజీ కంపెనీల్లో 'తొమ్మిది తొమ్మిది ఆరు' అనే మాట పుట్టింది. పొద్దున తొమ్మిది నుంచి రాత్రి తొమ్మిది దాకా, వారానికి ఆరు రోజులు; అంటే 72 గంటలు. 1995లో అమలుకొచ్చిన చైనా కార్మిక చట్టం రోజుకు 8 గంటలే అంటుంది, ఓవర్‌టైము నెలకు 36 గంటలు మించరాదంటుంది. 2019 మార్చిలో అక్కడి ప్రోగ్రామర్లు తమ వృత్తి వేదిక గిట్‌హబ్‌లోనే దీనికి నిరసనగా ఒక పేజీ తెరిచారు. తొమ్మిది తొమ్మిది ఆరు చేస్తే ఆస్పత్రిలో ఐసీయూకి పోతాం అని దాని పేరుకు అర్థం. ఆ మరుసటి నెలలోనే అలీబాబా అధిపతి జాక్ మా అట్లా పనిచేయగలగటం ఒక వరమన్నాడు. 2021 ఆగస్టులో అక్కడి సర్వోన్నత న్యాయస్థానం ఆ పద్ధతి చట్టవిరుద్ధమని ఉదాహరణలతో ప్రకటించింది. అదే ఏడాది అక్కడి యువకుల్లో 'చాప పరుచుకొని పడుకుందాం' అనే ధోరణి పాకింది. పోటీ నుంచి, అదనపు గంటల నుంచి తప్పుకోవటమే దాని కార్యక్రమం. విప్లవం చేసిన దేశంలో, కార్మికవర్గం పేరు మీద నడిచే రాజ్యంలో ఎనిమిది గంటల కోసం మళ్లీ మొదటినుంచి కొట్లాడవలసి రావటం మన పాఠకుల్లో కొందరికి కష్టంగా ఉండవచ్చు. అయినా చూడవలసిందే.

మన వైపు కూడా పరిస్థితి భిన్నంగా లేదు. 2023లో ఇన్ఫోసిస్ నారాయణమూర్తి యువకులు వారానికి 70 గంటలు పనిచేయాలన్నారు. 2025 జనవరిలో ఎల్ అండ్ టి చైర్మన్ 90 గంటల దాకా పోయారు. అదే 2025లో రెండు తెలుగు రాష్ట్రాల ప్రభుత్వాలు, వారానికి 48 గంటల హద్దు ఉంచుతూనే, రోజుకు పది గంటల పనికి వీలిచ్చే మార్పులు తెచ్చాయి. 2023 ఆగస్టులో ఇందూరులో ఐటీ హబ్ తెరిచారు. చాట ముందు పెరిగిన తల్లి బిడ్డ ల్యాప్‌టాప్ ముందు కూర్చుంటుంది. ఇంటి నుంచి పని అన్న మాటను ఆ తల్లికి ఎవరూ విడమరిచి చెప్పనక్కరలేదు.

చైనా నుంచి మనకు రావలసింది చట్టాల సమాచారం ఒక్కటే కాదు. కాలం మీద రాయటం అక్కడి కార్మిక రచయితలు నేర్చుకున్నారు. సిచువాన్ పల్లె నుంచి దోంగ్వాన్ ఫ్యాక్టరీలకు వలస వచ్చిన జెంగ్ షియావోచ్యోంగ్ 2007లో జాతీయ స్థాయి సాహిత్య బహుమతి అందుకున్నది. షెన్‌జెన్‌లో ఫాక్స్‌కాన్ అసెంబ్లీ లైను మీద పనిచేస్తూ కవిత్వం రాసిన షూ లిజీ 2014లో 24 ఏళ్లకే ఆత్మహత్య చేసుకున్నాడు. బీజింగులో ఇళ్లల్లో పనిచేసిన ఫాన్ యూసూ 2017లో తన కథ తానే రాసి దేశమంతా చదివేటట్టు చేసింది.

నన్ను ఎక్కువ ఆకట్టుకున్నది హు ఆన్యాన్ 2023లో ప్రచురించిన పుస్తకం. అతను బీజింగులో పార్సిళ్లు పంచిన మనిషి. ముక్క కూలి మీద తన బతుకు లెక్క తానే కడతాడు. తన ఖర్చులు వెళ్లాలంటే నిమిషానికి అర యువాన్ రావాలి. పార్సిలుకు సగటున రెండు యువాన్లు, అంటే నాలుగు నిమిషాలకొకటి అందించాలి. మూత్రానికి పోతే రెండు నిమిషాలు, ఒక యువాన్ ఖర్చు. అందుకని నీళ్లు తక్కువ తాగుతాడు. ఈ ఒక్క లెక్కలో ఎంత సాహిత్యమున్నదో చూడండి! దోపిడీ అనే మాట వాడలేదు. యజమానిని తిట్టలేదు. గడియారం శరీరంలోకి ఎట్లా చొరబడిందో, తన దాహాన్ని తానే కాపలా కాసే స్థితికి మనిషి ఎట్లా వచ్చాడో కూడికలూ తీసివేతలతోనే చెప్పాడు. ఇందూరు అరుగు మీద కూర్చున్న ఆమెకు ఈ లెక్క కొత్త కాదు. లేస్తే ఎన్ని బీడీలు తగ్గుతాయో ఆమెకు తెలుసు. మనలో ఎవరూ ఆమెను అడిగి రాసుకోలేదు, అంతే తేడా.

మన సాహిత్యంలో ఏమీ లేదనటం లేదు. అల్లం రాజయ్య, తుమ్మేటి రఘోత్తమరెడ్డి సింగరేణి జీవితాన్ని కథల్లోకి తెచ్చారు. బీడీ కార్మికుల జీవితం మీద బి.ఎస్. రాములు 'బతుకు పోరు' నవల రాశారు. ఇల్లు అలకటంలో తన పేరే మరిచిపోయిన గృహిణిని పి. సత్యవతి 'ఇల్లలకగానే' కథలో చూపించారు. ఇంటి పని మనిషి కాలాన్నే కాక ఉనికినే తినేస్తుందని అంత క్లుప్తంగా చెప్పిన కథ మనకు మరొకటి అరుదు. కాని గేటు ఉన్న పనికి మనం ఒక కథన పద్ధతి ఏర్పరచుకున్నాం: షిఫ్టు మొదలు, లోపల సంఘటన, గేటు దగ్గర సభ, ముగింపు. ఆ పద్ధతిని గేటు లేని పనికి తెచ్చి అతికించినప్పుడల్లా కథ కుంటుతున్నది. బీడీ కార్మికురాలి మీద వచ్చిన అనేక కథల్లో క్షయ జబ్బు ఉంటుంది, తాగుబోతు మగడు ఉంటాడు, మధ్యవర్తి కామం ఉంటుంది. ఇవి అబద్ధాలు కావు. కాని ఇవన్నీ సంఘటనలు. ఆమె జీవితంలో ప్రధానమైనది సంఘటన కాదు, సంఘటన లేని పది గంటలు. దాన్ని చదివించేటట్టు రాయటం కష్టం. కష్టం గనకే శిల్ప చర్చ అవసరమవుతున్నది.

యువ రచయితలు ఒక పని చేయవచ్చు. కథ రాయటానికి ముందు ఒక రోజు, పొద్దు పొడిచింది మొదలు దీపం ఆరేదాకా, ఒక చాట పక్కన కూర్చొని ఏ వేళకు ఏం జరిగిందో రాసుకోవాలి. సానుభూతి ప్రకటించటానికి కాదు, కాలం పట్టిక కోసం. ఎన్నిసార్లు లేచింది, ఎందుకు లేచింది, ఎవరి కోసం లేచింది. ఎన్ని కట్టల దగ్గర మాట ఆగింది, ఎన్నో కట్ట దగ్గర మెడ పట్టుకున్నది. ఆమె చేతిలో ఉండే లాగ్ పుస్తకాన్ని కూడా చూడాలి. ఫలానా తేదీన ఆకు ఇంత, తంబాకు ఇంత, అప్పజెప్పిన బీడీలు ఇన్ని వేలు అని ఉంటుంది. గంటల కోసం అందులో గడి లేదు.